ఇన్హేలర్‌కి రీఫిల్ వేసుకుంటే మేలా? భూమికి ఎంత, జేబుకి ఎంత?

ప్రశ్న: నా వయసు 52. పదిహేనేళ్లుగా ఆస్తమా ఉంది. ఆయాసం వచ్చినప్పుడు నొక్కుకునే నీలం రంగు ఇన్హేలర్ నెలకొకటి అయిపోతోంది. రోజూ వాడమని రాసిచ్చిన ఇన్హేలర్ ఇంకొకటి ఉంది గానీ, ఒంట్లో బాగున్నప్పుడు దాన్ని పక్కన పెట్టేస్తాను. ఈమధ్య మా అబ్బాయి, ‘అమ్మా, నీ ఇన్హేలర్‌లోని గ్యాస్ భూమిని వేడెక్కిస్తుందట. పరికరం ఒకటే ఉంచుకుని మందు మాత్రం మార్చుకునేవి వచ్చాయట’ అన్నాడు. అప్పటినుంచి నొక్కినప్పుడల్లా ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటోంది. అలాంటిది వాడితే ఖర్చు కూడా తగ్గుతుందా? అయిపోయిన పాత డబ్బాల్లోనే మందు నింపించుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి. అయినా ఆయాసం వచ్చినప్పుడు ఇన్హేలర్ నొక్కడం తప్పు కాదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు రీఫిల్ దగ్గర ఆగలేదు, ‘నెలకొకటి’ అన్నచోట ఆగాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నొక్కితే తుస్సుమని వచ్చే ఇన్హేలర్‌లో అసలు మందు చాలా కొంచెమే. లోపల ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మందును బయటికి తోసే గ్యాసే. 1956లో ఈ రకం మొదట వచ్చినప్పుడు సీఎఫ్‌సీ గ్యాసులు వాడేవారు. అవి ఓజోన్ పొరను దెబ్బతీస్తున్నాయని తేలడంతో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లమెల్లగా తీసేశారు. వాటి స్థానంలో హెచ్ఎఫ్ఏ గ్యాసులు వచ్చాయి. ఇవి ఓజోన్ జోలికి పోవు గానీ, వేడిని పట్టి ఉంచడంలో గట్టివి. ఎక్కువగా వాడే హెచ్ఎఫ్ఏ-134ఏ, వందేళ్ల లెక్కలో చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. కొన్ని ఇన్హేలర్లలో వాడే హెచ్ఎఫ్ఏ-227ఈఏ అయితే 3,000 రెట్లు దాటుతుంది.

మీ నీలం ఇన్హేలర్‌లో మామూలుగా ఉండే మందు సాల్బుటమాల్. 200 పఫ్‌లు వచ్చే సాల్బుటమాల్ డబ్బాలో, రకాన్ని బట్టి, 18 గ్రాముల దాకా గ్యాస్ ఉంటుంది. అంటే ఒక్క డబ్బా అయ్యేసరికి దాదాపు 25 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. పెట్రోలు కారులో ఇంచుమించు 150 కిలోమీటర్లు తిరిగితే వచ్చే పొగ అంత. అదే మందుతో వచ్చే కొన్ని డబ్బాల్లో గ్యాస్ ఇందులో సగమే ఉంటుంది. అసలు గ్యాసే లేని పౌడర్ ఇన్హేలర్ల లెక్క మామూలుగా కిలో లోపే తేలుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల మొత్తం కర్బన లెక్కలో సుమారు 3 శాతం ఒక్క ఇన్హేలర్లదేనని చెబుతారు. అరచేతిలో ఇమిడే వస్తువుకి అది చిన్న సంఖ్య కాదు.

ఇక రీఫిల్ సంగతి. మీ అబ్బాయి విన్నది బహుశా సాఫ్ట్ మిస్ట్ ఇన్హేలర్ గురించి అయ్యుంటుంది. దీంట్లో గ్యాస్ ఉండదు. అడుగుభాగాన్ని తిప్పితే లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది, బటన్ నొక్కగానే మందు సన్నటి తుంపరగా నెమ్మదిగా వస్తుంది. మొదట్లో నెల కాగానే పరికరాన్ని మొత్తంగా పారేసేవారు. తర్వాత వచ్చిన రకంలో మందుండే గొట్టాన్ని, అంటే కార్ట్రిడ్జ్‌ని మాత్రం మార్చుకుంటూ ఒకే పరికరంతో ఆరు కార్ట్రిడ్జ్‌ల వరకు వాడుకోవచ్చు. ఆపైన మాత్రం పరికరాన్ని మార్చాల్సిందే. బాగానే పనిచేస్తోంది కదా అని సాగదీస్తే, వచ్చే డోస్ సరిగా ఉంటుందన్న నమ్మకం ఉండదు.

ఆరు పరికరాల చోట ఒకటి సరిపోతే ప్లాస్టిక్ చెత్త బాగా తగ్గుతుంది. దాన్ని తయారుచేయడానికి అయ్యే కరెంటు, ముడిసరుకు కూడా తగ్గుతాయి. కానీ ఒక తేడా గమనించండి. గ్యాస్ లేని ఇన్హేలర్ లెక్క మొదటే కిలో లోపు. దాన్ని రీఫిల్ చేసి వాడితే తగ్గేది నెలకు కొన్ని వందల గ్రాములు. గ్యాస్ ఇన్హేలర్ మానగలిగితే తగ్గేది పది, ఇరవై కిలోలు. ‘మళ్లీ వాడదగినది’ అన్న మాట చెవికి ఇంపుగా ఉంటుంది కాబట్టి అందరి చూపూ దానిమీదే ఉంది గానీ, అసలు బరువు గ్యాస్‌ది.

అయితే మీ నీలం ఇన్హేలర్‌కి బదులుగా దీన్ని తీసుకుందామంటే కుదరదు. ఈ తుంపర పరికరాల్లో ప్రధానంగా వచ్చేవి టయోట్రోపియం లాంటి మందులు. ఎక్కువగా పొగవల్ల వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీలో వాటిది పెద్ద పాత్ర, ఆస్తమాలో కొందరికి అదనంగా ఇస్తాం. అప్పటికప్పుడు ఆయాసం తగ్గించే పని వాటిది కాదు.

నిజానికి మళ్లీ మళ్లీ వాడే ఇన్హేలర్ కొత్తేమీ కాదు. క్యాప్సూల్ పెట్టి పీల్చే రోటాహేలర్ లాంటివి దశాబ్దాల నుంచి ఉన్నాయి. పరికరం అదే, ప్రతి డోసుకీ క్యాప్సూల్ మార్చడమే. కాకపోతే దాన్ని కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, తడి తగిలితే పౌడర్ ముద్దకడుతుంది. ఇంట్లో ఇద్దరికి ఆస్తమా ఉన్నా పరికరం ఎవరిది వాళ్లదే. ఇంకో మాట, నవ్వొద్దు. ఆ క్యాప్సూల్స్‌ని నీళ్లతో మింగేసి ‘మందు పనిచేయడం లేదు డాక్టర్’ అని వచ్చేవాళ్లు ఉంటారు. తప్పు వాళ్లది కాదు, చూపించకుండా రాసిచ్చిన మాది.

పాత గ్యాస్ డబ్బాల్లో మందు నింపించుకోవచ్చా అన్నారు. వద్దు, ఎవరు నింపిస్తామన్నా వద్దు. ఒత్తిడితో నింపి, ఒక్కో పఫ్‌కి ఇంతే రావాలని వాల్వ్ బిగించిన డబ్బా అది. ఫ్యాక్టరీ బయట అయ్యే పని కాదు. సాల్బుటమాల్‌దైతే ప్లాస్టిక్ తొడుగును మాత్రం వారానికోసారి, డబ్బా తీసేసి గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టుకోండి. మూతి పూడుకుపోయి మందు వృథా కావడం ఆగుతుంది.

ఖర్చు విషయంలో ప్యాకెట్ మీది ధర చూసి తేల్చకండి. అందులో ఎన్ని డోసులున్నాయి, రోజుకి మీకెన్ని కావాలి, నెలకెంత అవుతుంది అని చూడండి. రీఫిల్ ప్యాక్ విడిగా దొరికి, దాని ధర పరికరంతో కలిపి అమ్మే ప్యాక్ కంటే తక్కువైతేనే మీకు లాభం. కొన్నిచోట్ల రెండింటి ధరా ఒకటే. అప్పుడు చెత్త తగ్గుతుందేమో గానీ జేబుకి ఒరిగేదేమీ లేదు. ఆసుపత్రుల్లోనూ వృథా జరుగుతుంది. వార్డులో చేరినవాళ్లకి కొత్త ఇన్హేలర్ తెరుస్తారు, నాలుగు రోజుల్లో డిశ్చార్జ్ అవుతారు, ముప్పావు వంతు మందున్న డబ్బా చెత్తబుట్టలో పడుతుంది. ఒకే డబ్బాను ఎవరి స్పేసర్ (మందు పీల్చడానికి ఇన్హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) వాళ్లకి పెట్టి వాడే పద్ధతిని కొన్ని ఆసుపత్రులు ప్రయత్నించాయి. డబ్బు మిగులుతుంది, కానీ ప్రతిసారీ శుభ్రం చేయడంలో ఏమరపాటు జరిగితే ఇన్ఫెక్షన్ ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఇంట్లో మీరు ఇలాంటి ప్రయోగం చేయకండి.

ఇప్పుడు ఆ ‘నెలకొకటి’. ఏడాదికి మూడు లేదా అంతకు మించి రిలీవర్ డబ్బాలు, అంటే మీ నీలం లాంటివి, అయిపోతున్నాయంటే ఆస్తమా అదుపులో లేనట్టే, తీవ్రమైన అటాక్ వచ్చే ముప్పు పెరిగినట్టే. పన్నెండు, ఆపైన అయితే ప్రాణాపాయం కూడా పెరుగుతుందని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు ‘జీనా’ హెచ్చరిస్తున్నాయి. మీరు సరిగ్గా పన్నెండు దగ్గరున్నారు. నీలం ఇన్హేలర్ బిగుసుకున్న గొట్టాలను కాసేపు వదులు చేస్తుంది, లోపలి వాపును తగ్గించదు. వాపును తగ్గించేది మీరు పక్కన పెట్టేస్తున్న ఆ రెండోది, దాన్నే ప్రివెంటర్ అంటాం. అందుకే 2019 నుంచి జీనా పెద్దవాళ్లకి సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దంటోంది.

మీ అబ్బాయి భాషలో చెప్పాలంటే, మీ డబ్బా గ్యాస్ ఎక్కువున్న రకమే అనుకుంటే, పన్నెండు డబ్బాలంటే ఏడాదికి 300 కిలోలు. ప్రివెంటర్ క్రమం తప్పకుండా వాడి రెండు డబ్బాలకు దించగలిగితే 50 కిలోలు. ఇంత తగ్గింపు ఏ రీఫిల్ పరికరమూ ఇవ్వలేదు. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తే ఖర్చు తప్పడం అదనం.

మీకు పౌడర్ ఇన్హేలర్ సరిపోతుందేమో మీ డాక్టర్ని అడగండి. వాపు తగ్గించే బుడెసొనైడ్, గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన మందైతే రోజువారీకీ, ఆయాసానికీ ఒకే ఇన్హేలర్ వాడే పద్ధతి ఉంది. కానీ పౌడర్‌ని బలంగా, వేగంగా లాగాలి. గ్యాస్ రకాన్ని నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. అలవాటైన పద్ధతిలోనే పౌడర్‌నీ పీలిస్తే మందు ఊపిరితిత్తుల దాకా పోదు. చిన్నపిల్లలు, బాగా నీరసించిన పెద్దవాళ్లు అంత బలంగా లాగలేరు, వాళ్లకి గ్యాస్ ఇన్హేలరూ స్పేసరే మంచిది. తక్కువ వేడెక్కించే కొత్త గ్యాసులతోనూ ఇన్హేలర్లు తయారవుతున్నాయి, బ్రిటన్‌లో 2025లో ఒకదానికి అనుమతి కూడా వచ్చింది. కాబట్టి గ్యాస్ తప్పనివాళ్లు బాధపడాల్సిన పని లేదు.

ఈ వారమే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఉన్న ఇన్హేలర్లన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకెళ్లి ఆయన ముందే పీల్చి చూపించండి. డోస్ కౌంటర్ సున్నాకి వచ్చాక కూడా గ్యాస్ తుస్సుమంటుంది, అందులో మందు ఉందని నమ్మకండి. డబ్బాను నీళ్లలో తేల్చి చూసే చిట్కా కూడా పనికిరాదు. ఖాళీవి మంటలో మాత్రం వేయకండి, పేలతాయి. మందుల షాపులోనో ఆసుపత్రిలోనో వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంటే అక్కడ ఇచ్చేయండి.

ఈలోగా ఆయాసం వస్తే నీలం ఇన్హేలర్ నొక్కండి. నొక్కాక నాలుగు గంటలైనా గడవకముందే ఆయాసం మళ్లీ వస్తున్నా, మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి అందకపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మీ అబ్బాయిని కూడా తోడు తీసుకెళ్లండి, కారు పొగ లెక్క తర్వాత చూసుకోవచ్చని నేను చెప్పానని చెప్పండి.