కిటికీ బయట సరుగుడు తోట

కావలి.
చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాళ్ళలో స్పోర్లు, అంటే పాతకాలపు మొక్కల రేణువులు, వెతికే పనిలో చేరుతున్నావని, అదీ మన ఒంగోలు పక్క వేమవరం షేల్ (పొరలు పొరలుగా ఉండే మట్టిరాయి) మీదని, మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. అందుకు రాయిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గుర్తొచ్చాక అసలే పట్టలేదు.

ఎండా వానా తిన్న పైపొర తేబాకు, అందులో స్పోర్లు మిగలవు. లోపలికి తవ్వు. సంచి మీద నంబరు అక్కడే రాయి. ముందు హైడ్రోక్లోరిక్‌తో సున్నం పోగొట్టు, తర్వాతే ఆ హైడ్రోఫ్లోరిక్ రాక్షసి. అది గాజును కూడా తినేస్తుంది. పలచటిదైతే వేలి మీద పడ్డా వెంటనే మంట తెలియదు, గంటల తర్వాత ఎముక దాకా పోతుంది. యాసిడ్ ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేనిచోట మూత తియ్యొద్దు. ఆ యాసిడ్ పడితే రాసుకునే కాల్షియం గ్లూకోనేట్ జెల్ కొని నాకు ఫొటో పంపు. నవ్వబాకు, పంపు.

ఇక నా సంగతి. సింగరేణి బొగ్గు నైట్రిక్‌లో నానబెట్టి స్లైడులు చేసుకునే రోజులు. ఒక సాయంత్రం మైక్రోస్కోపులో గుండ్రటి రేణువు, అంచున మూడు రంధ్రాలు. 25 కోట్ల ఏళ్ళు దాటిన బొగ్గులో పూలమొక్క పుప్పొడి! నెలలో అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. పేపరు కూడా రాసేశాను. మీ తాత ఊరంతా చెప్పుకున్నాడు. మా మాస్టారు ఒక్కసారి చూసి, "సాఫ్రనిన్ రంగు వేస్తే ఇదొక్కటే ఇంత ఎర్రగా పట్టిందేమయ్యా? తక్కినవన్నీ గోధుమ రంగులోనే ఉన్నాయే" అన్నారు. లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. బయట సరుగుడు తోట. యాసిడ్ వాసన పోవాలని నేనే తీసిన కిటికీ. జల్లెడ పట్టి ఆరబెట్టిన చోటే పడింది ఆ తోట తాజా పుప్పొడి, అందుకే అంత ఎర్రగా రంగు పట్టింది. మాస్టారు ఇంకేమీ అనలేదు, టీ తాగుదాం రమ్మన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

నా బొగ్గు కాలానికి పూలమొక్కలే లేవు కాబట్టి దొరికిపోయాను. నీ షేల్ 12 కోట్ల ఏళ్ళ పైచిలుకుది, పూలమొక్కలు అప్పుడప్పుడే మొదలైన కాలం. నీకైతే నమ్మబుద్ధవుతుంది తల్లీ, నాకదే టెన్షన్. గ్లిజరిన్ జెల్లీ పూసిన ఖాళీ స్లైడు ఒకటి రోజూ బల్ల మీద పెట్టి, గాల్లోంచి ఏ పుప్పొడి పడిందో సాయంత్రం చూడు.

చిన్న కవరులో సరుగుడు పుప్పొడి పంపుతున్నా. ఇంట్లోనే స్లైడు చేసి పోలిక కోసం దగ్గర పెట్టుకో. ల్యాబ్‌లో మాత్రం ఆ కవరు విప్పబాకు.

మీ మామయ్య