పాపా, ముందు ఆ స్టార్టర్ డబ్బా చూసి రా

చిరంజీవి పాపకు,

మామ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఏదో అంతరిక్షం డ్రెస్సు వేసుకొని బెంగళూరులో వేషాలు వేసుకొని పోయే ఆ కామిక్ కాన్ పండుగకి పోతుందంట, హెల్మెట్ ఒక్కదానికే పద్దెనిమిది వేలు అడుగుతోంది, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. నువ్వు గీసిన బొమ్మ కూడా పంపింది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచి ఒకసారి చూశాను. గీత బాగుంది. చాలా సంతోషం వేసింది.

హెల్మెట్‌కు డబ్బు ఇవ్వొద్దని మీ అమ్మకు చెప్పింది నేనే. కోపం తెచ్చుకోకు. డ్రెస్సు వద్దని కాదు, హెల్మెట్‌తో మొదలుపెట్టొద్దని. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలందరూ హెల్మెట్ మీదే పడతారు, అది సగంలో ఆగిపోతుంది, మంచం కిందికి పోతుంది. నువ్వు ముందు ముంజేతి కవచం ఒక్కటి చెయ్యి. కుడి చేతికి మాత్రమే. చిన్న వస్తువే గానీ అందులో వంపు ఉంది, అతుకు ఉంది, పట్టీ ఉంది, రంగు ఉంది, కావాలంటే లైటు కూడా పెట్టుకోవచ్చు. నాలుగు ఆదివారాల్లో పూర్తవుతుంది. పూర్తి చేసిన వస్తువు ఒక్కటి చేతికి తొడుక్కొని అద్దంలో చూసుకున్నాక మిగతావాటికి ఓపిక దానంతటదే వస్తుంది.

మీ తాత పాతూరులో డ్రామా సామాన్లు చేసేవాడని నీకు తెలుసు. కిరీటాలు, భుజకీర్తులు, గదలు. కాగితం గుజ్జు, అట్ట, బేగడ, అద్దం ముక్కలు. నేను చేతిపని నేర్చుకున్నది అక్కడే. దుర్యోధనుడి కిరీటం ఎప్పుడూ కొత్తగానే ఉండాలి, పెట్రోమాక్స్ వెలుగులో ఆఖరి వరుసలో చాప మీద కూర్చున్న ముసలాయనకు కూడా ధగధగలాడాలి. తర్వాత నేను కాలేజీ ఫెస్టులకు రోబోలు, వ్యోమగామి సూట్లు చేయడం మొదలుపెట్టినప్పుడు అదే కంటితో చేశాను. అన్నీ తళతళలాడాయి, ఒక్కటీ నిజంగా అనిపించలేదు. ఎందుకో అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కిరీటం అలంకారం. వ్యోమగామి చేతిలో ఉన్నది పనిముట్టు. రోజూ ఎవరో వాడుతున్న వస్తువులా ఉంటేనే దాన్ని కన్ను నమ్ముతుంది. పైగా ఇప్పుడు చూసేవాళ్ళు రెండడుగుల దూరంలో నిలబడి ఫోన్‌తో ఫోటో తీస్తారు.

అందుకే నిన్ను మొదట అడిగేది ఇది. నీ బొమ్మలో ఉన్న ఆ మనిషి ఎవరు? ఏం పని చేస్తుంది? నువ్వు గీసిన సూటులో ఇరవై గీతలు, పది బటన్లు ఉన్నాయి. ఏ బటన్ దేనికి? నీకు తెలియకపోతే చూసేవాళ్ళకూ తెలియదు. నాకొకటి తోచింది, నచ్చితే తీసుకో. మన జిల్లాలో నీళ్ళ కోసం వందల అడుగులు బోర్లు వేసుకుంటూ బతికాం. వేరే గ్రహం మీద నీళ్ళు వెతికే మనిషిని చెయ్యి. ఆమె ముంజేతి మీద ఏముంటుంది? లోతు చూపించే ముల్లు, మోటారు ఆన్ చేసే పచ్చ బటన్, ఆపే ఎర్ర బటన్. ఇంకెవరి సినిమా నుంచో తీసుకున్న హీరో కంటే ఆమె గురించి నీకే ఎక్కువ తెలుసు.

మీ చేను దగ్గర బోరు మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ డబ్బా ముందు పది నిమిషాలు నిలబడు. నేను పోయిన నెల నిలబడ్డాను. పచ్చ బటన్ చుట్టూ రంగు గుండ్రంగా పోయి లోపలి రేకు కనిపిస్తోంది, ఎర్ర బటన్ చుట్టూ అంతగా పోలేదు. తలుపు కుడి అంచు, వేళ్ళు పట్టుకునే చోట, నున్నగా నల్లబడింది. మూలల్లో ఎర్రమట్టి పట్టింది. ఒక స్క్రూ నుంచి తుప్పు కిందికి కారి సన్నటి చారలా ఉంది, పక్కకు ఒక్క చుక్క కూడా లేదు. చెయ్యి తగిలే చోట రంగు పోతుంది, చెయ్యి అందని చోట మట్టి చేరుతుంది, నీళ్ళు ఎటు కారితే తుప్పు అటు కారుతుంది. పాతగా కనిపించాలని మొత్తం నల్లరంగు పూసి తుడిచేస్తారు చూడు, అది వద్దు. ఈ మూడూ ఎక్కడెక్కడో ఆలోచించి అక్కడ మాత్రమే వేస్తే చాలు.

1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో ఆ వెలుగు కత్తి ఉంది కదా. దాని పిడిని కొత్తగా పోత పొయ్యలేదు. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక ఫోటో సామాన్ల షాపులో పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడి చూశాడు. దానికి రబ్బరు పట్టీలు అంటించి, ఇంకొన్ని చిన్న ముక్కలు కలిపి తయారు చేశాడు. అది నిజమైన పనిముట్టు కాబట్టే చేతిలో పనిముట్టులా ఇమిడింది. పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయి మిక్సీ నాబ్‌లు, పాడైన రిమోట్లు, ప్రింటర్ లోపలి పళ్ళ చక్రాలు ఏరుకో. కిలో లెక్కన ఇస్తారు.

ఇక సామాను. కవచానికి ఈవీఏ ఫోమ్. చెప్పులు చేసేవాళ్ళకు షీట్లు అమ్మే కొట్లో దొరుకుతుంది, చిన్నపిల్లల కింద పరిచే పజిల్ మ్యాట్లు కూడా అదే. నీకు 5 మిల్లీమీటర్లది ఒక షీట్, అంచులకు 2 మిల్లీమీటర్లది ఒకటి చాలు. థర్మోకోల్ జోలికి పోకు. ఒకసారి ఒక స్కూలు వార్షికోత్సవానికి థర్మోకోల్‌తో ఆరడుగుల రాకెట్ చేశాను. ముందురోజు సాయంత్రం అతుకులకు రబ్బర్ సొల్యూషన్ పూశాను. పూసిన చోటల్లా థర్మోకోల్ కరిగి గుంటలు పడింది, కళ్ళ ముందే. స్ప్రే డబ్బా రంగు కొట్టినా అంతే, అందులోని ద్రావకం దాన్ని తినేస్తుంది. ఆ రాత్రంతా కూర్చొని అట్టతో మళ్ళీ చేశాను. ఇప్పటికీ కొత్త సామాను ఏది తెచ్చినా ముందు ఒక తుంటకు జిగురు, రంగు రాసి ఒక రాత్రి వదిలేస్తాను. నువ్వూ అదే అలవాటు చేసుకో.

కొలత గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పని చెడేది ఎక్కువగా ఇక్కడే. చొక్కా వేసుకొని, ముంజేతికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టు. దాని మీద మాస్కింగ్ టేప్ రెండు వరుసలు, గట్టిగా బిగించకుండా. మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకో, ఒక చేత్తో ఇది కాదు. టేప్ మీదే కవచం గీతలు గియ్యి. కత్తిరించబోయే గీతకు అడ్డంగా అక్కడక్కడా చిన్న గుర్తులు పెట్టు, టైలర్లు పెట్టుకుంటారే అలాగ. రేపు అతికేటప్పుడు ఏ అంచు ఏ అంచుకో ఆ గుర్తులే చెప్తాయి. తర్వాత చర్మానికి తగలకుండా మొద్దు మొన కత్తెరతో మెల్లగా కత్తిరించి, పరిచి, కాగితం మీదికి దించు. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఫోమ్‌కు మందం ఉంది కాబట్టి చెయ్యి చుట్టుకొలత ఎంతో అంతే కోస్తే చాలదు. 5 మిల్లీమీటర్ల ఫోమ్‌కు చుట్టుకొలత మీద దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ కలుపుకోవాలి. పది మిల్లీమీటర్లదైతే మూడు. ఈ లెక్క తెలియక నేను చేసిన మొదటి మూడు కవచాలు ఎవరి చేతికీ పట్టలేదు.

కోసేటప్పుడు కొత్త బ్లేడు. ఫోమ్ బ్లేడును త్వరగా మొద్దు చేస్తుంది, మొద్దు బ్లేడు అంచును పీకి గరుకు చేస్తుంది, జారి చేతికీ తగులుతుంది. ఒకే ఊపులో, నిదానంగా. మూల తిరగాలంటే రెండు అంచులనూ 45 డిగ్రీల వాలుగా కోసి కలుపు, 90 డిగ్రీల మూల వస్తుంది.

అతకడానికి ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు. రెండు వైపులా పల్చగా రాయాలి, పది పదిహేను నిమిషాలు ఆగాలి, వేలితో తాకితే అంటుకోకూడదు. అప్పుడు కలిపి గట్టిగా నొక్కు. ఒకసారి కలిశాక జరపలేవు కాబట్టి ఒక చివర నుంచి గుర్తు గుర్తుకూ కలుపుకుంటూ పో. ఈ పని గదిలో చెయ్యొద్దు, మిద్దె పైన సాయంత్రం నీడలో చెయ్యి. దాని ఆవిరి తలకెక్కుతుంది, మంట దగ్గరుంటే అంటుకుంటుంది. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. ఫోమ్‌ను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాత్రం ఎన్95 పెట్టుకో, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పీవీసీ పైపును ఎవరైనా గ్యాసు పొయ్యి మీద వంచమంటే వినకు. అది కాలితే వచ్చే పొగ ఆసిడ్ పొగ.

వేడిగాలి ఊదే హీట్ గన్ ఒక్కటి కొనుక్కో, ఆ పద్దెనిమిది వేలలో చిన్న తుంట. వేడి తగలగానే ఫోమ్ పైభాగం కొంచెం మెరుస్తుంది, అంటే రంధ్రాలు మూసుకున్నాయన్నమాట. అప్పుడు మెత్తబడుతుంది కూడా. చేతులకు గ్లవ్స్ వేసుకొని, స్టీల్ బిందె మీద బోర్లించి నొక్కి పట్టుకో, చల్లారేదాకా. భుజానికి కావలసిన గుండ్రం బిందె ఇస్తుంది, మోకాలికి చెంబు ఇస్తుంది. మీ వంటిల్లంతా అచ్చులే.

రంగుకు ముందు తెల్ల ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి పల్చగా మూడు నాలుగు పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి. మందంగా పూస్తే వంగే చోట పగులుతుంది. తర్వాత నలుపు అక్రిలిక్, దాని మీద వెండి రంగును బ్రష్ దాదాపు పొడిగా చేసుకొని అంచుల మీద మాత్రమే తాకించు. మట్టి కోసం రంగు కొనొద్దు. మన ఎర్రమట్టినే గుడ్డలో జల్లించి, నీళ్ళలో, కొంచెం ఫెవికాల్‌లో కలిపి మూలల్లో వెయ్యి. ఏ రంగు డబ్బాలోనూ ఆ ఎరుపు రాదు.

లైటు పెట్టాలనుకుంటే ముందు ఒకసారి ధర్మవరం దగ్గర నిమ్మలకుంట పోయి తోలుబొమ్మలు చూసి రా. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును వెలుతురు పారేంత పల్చగా చేసి, రంగులు వేసి, ఉలులతో సన్నటి రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెడితే నగలన్నీ ఆ రంధ్రాల్లోంచే మెరుస్తాయి. దీపం ఎక్కడుందో మాత్రం నీకు కనిపించదు. నీ ముంజేతి మీదా అంతే, బల్బు కనిపించకూడదు. రంధ్రాల వెనక ట్రేసింగ్ పేపర్ అంటించి, దాని వెనక ఎల్ఈడీ పెట్టు. నీలం, తెలుపు ఎల్ఈడీలకు దాదాపు 3 వోల్టులు కావాలి, 3 వోల్టుల గుండీ సెల్లు ఒక్కటి సరిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీ పెడితే మధ్యలో కరెంటును తగ్గించే 330 ఓమ్‌ల రెసిస్టర్ లేకుండా కలపకు. ఎల్ఈడీ స్ట్రిప్ అడిగితే షాపువాడు 12 వోల్టులది ఇస్తాడు, అది పవర్ బ్యాంక్‌తో వెలగదు. 5 వోల్టులదని గట్టిగా అడుగు. పాత ఫోన్ల బ్యాటరీలు పీకి వాడొద్దు.

పట్టీలకు వెల్‌క్రో, బకిల్స్ బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. కుట్టుపని చిన్నదనుకోకు పాపా. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి మర్టిల్ డగ్లస్ అనే ఆమె, ఆమె స్నేహితుడు ఫారెస్ట్ అకర్‌మన్ భవిష్యత్తు మనుషుల్లా తయారై వెళ్ళారు. ఇద్దరి బట్టలూ ఆమె కుట్టినవే. మీ అమ్మ దగ్గర మిషను ఊరికే పడి ఉంది, నేర్చుకో.

మొత్తం సూటు తయారయ్యాక ఇంట్లో గంటసేపు తొడుక్కొని తిరుగు. కూర్చో, మెట్లెక్కు, నీళ్ళు తాగు, బాత్రూమ్‌కు పోయి రా. ఫోమ్ లోపల గాలి ఆడదు, మన ఎండలో పది నిమిషాలకే ఒళ్ళంతా తడిసిపోతుంది. బెంగళూరులో తోడుగా ఒక స్నేహితురాలిని పెట్టుకో, నీళ్ళ బాటిల్ ఆమె చేతిలో ఉండాలి. కళ్ళు తిరిగినట్టనిపిస్తే ఫోటోలు ఆపేసి తీసెయ్యి, మొహమాటం వద్దు. ఎండలో నిలిపిన కారులో మాత్రం సూటు వదిలిపెట్టకు, జిగురు విడిపోతుంది. తుపాకీలా కనిపించేది ఏదీ రైల్లో, రోడ్డు మీద బయట పట్టుకోకు. లోపలికి ఏ సామాను రానిస్తారో వాళ్ళ నియమాలు టికెట్ కొనే రోజే చదువు.

హెల్మెట్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం. అప్పటికి నువ్వే చేస్తావు.

ఈ ఆదివారం మా ఇంటికి రా. వచ్చేటప్పుడు ఆ స్టార్టర్ డబ్బా ఫోటోలు ఆరేడు తీసుకొని రా, దూరం నుంచి రెండు, మిగతావి బాగా దగ్గర నుంచి. తలుపు తెరవొద్దు, లోపల త్రీ ఫేజ్ కరెంటు. బావను, అదే మీ నాన్నను, పక్కన ఉండమను. ఫోమ్ షీట్ నేను తెచ్చి పెడతాను.

ఇట్లు,
మీ మామ