రౌతు తన గుర్రాన్ని 'వాడు' అనొచ్చా?

సందేహం: 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, పాలస్తీనాలోని హైఫా దగ్గర పోరాడిన ఒక కుర్ర రౌతు గురించి కథ రాస్తున్నాను. అతని గుర్రం మగది. 'వాడు నేలకొరిగాడు' అని రాస్తే తప్పన్నారు. 'అది' అనడానికి మనసు రావడం లేదు. పోనీ 'అమరుడైంది' అనొచ్చా?

సమాధానం: మనుషుల్లో, దేవతల్లో మగవాళ్ళని చెప్పే మాటలే మహత్తులు, ఆడవాళ్ళూ పశుపక్ష్యాదులూ జడపదార్థాలూ అమహత్తులు అని చిన్నయసూరి బాలవ్యాకరణం. అందుకని గుర్రం మగదైనా ఆడదైనా మనకి 'అది', 'వచ్చింది'. ఇందులో చిన్నచూపు వెతక్కండి, 'అమ్మ వచ్చింది' అన్నప్పుడు అమ్మని తక్కువ చేస్తున్నామా?

అయితే ఇది కథ చెప్పే మీ గొంతుకి. ఆ కుర్రాడి నోటికి ఈ కట్టుబాటు లేదు. పాలస్తీనా ఎండల్లో తిరిగే అశ్వదళానికి గుర్రాలకి నీళ్ళు దొరకడమే పెద్ద గండం, అలాంటి చోట అతను తన సీసాకేసి చూసుకుని "వాడింకా నీళ్ళు తాగలేదన్నా" అంటే అది పక్కా తెలుగే, పైగా ఆ ఒక్క 'వాడు'తో వాళ్ళిద్దరి మధ్య ఏముందో పాఠకుడికి తెలిసిపోతుంది. మీరే అన్నిచోట్లా 'వాడు' అని రాసేస్తే ఆ బలం పోతుంది. నీతిచంద్రికలో దమనకుడనే నక్క 'అనెను' అంటే 'అన్నాడు' అనే అర్థమవుతుంది కానీ, అవి మనుషుల్లా మాట్లాడే జంతువులు, పేర్లు కూడా 'డు'తో ముగిసేవే. మీ గుర్రం అలాంటిది కాదు.

'అమరుడైంది' మాత్రం వద్దు. అమరుడు మహత్తు, 'అయింది' అమహత్తు, రెండూ కలవవు. 'వీరమరణం పొందింది' అనండి, హాయిగా సరిపోతుంది. ఆ గౌరవం వాటికి దక్కాల్సిందే కూడా. సెప్టెంబర్ 23న ఈటెలతో, కత్తులతో మెషిన్ గన్ల మీదికి దూకిన ఆ దాడిలో చనిపోయిన మనుషులు 8 మంది, గుర్రాలు 60.

'రౌతూ గుర్రమూ పడిపోయారు' లాంటి వాక్యం దగ్గర కూడా జాగ్రత్త. 'పడిపోయారు' అన్నా 'పడిపోయాయి' అన్నా ఒకరికి అన్యాయమే. 'గుర్రంతో పాటే రౌతూ పడిపోయాడు' అని తిప్పి రాయండి.

ఇంకొకటి, హైదరాబాద్ లాన్సర్స్ (ఈటెల రౌతుల దళం) కూడా ఆ దాడి చేసిన అశ్వదళ బ్రిగేడ్‌లోనిదే అయినా ఊరి మీదికి ఆ దాడి చేసింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్స్. మీ కుర్రాణ్ణి ఏ దళంలో చేర్చారో ఒకసారి చూసుకోండి.