కంపెనీల పన్ను తగ్గించినా ఆటోనగర్‌లో జీతాలెందుకు పెరగలేదు?

2019లో కంపెనీల పన్ను అంత తగ్గించారు కదా, మా జీతాలెందుకు పెరగలేదని అడిగారు. బెజవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే ఒక కంపెనీకి లెక్కలు రాస్తుంటాను, ఇక్కడ జరిగింది చెప్తాను.

ఆ తగ్గింపు కంపెనీలకే, అసలు ఇక్కడి షెడ్లలో చాలా వరకు కంపెనీలే కావు. సొంత పేరు మీదో, పార్ట్‌నర్‌షిప్ మీదో నడుస్తాయి. పార్ట్‌నర్‌షిప్‌కి అప్పుడూ 30 శాతమే, ఇప్పుడూ 30 శాతమే.

మాలాంటి చిన్న ప్రైవేట్ లిమిటెడ్‌లకు 2019 సెప్టెంబరులో ఆ తగ్గింపు ప్రకటించకముందే రేటు 25 శాతం. పన్ను మీద వేసే సెస్సుతో 26. కొత్తది 22 అన్నారు గానీ పన్ను మీద వేసే సర్‌చార్జీ, సెస్సు కలిపితే 25.17. అంటే 50 లక్షల లాభం మీద ఏడాదికి మిగిలేది 41,600. దాంతో ఒక హెల్పర్ జీతం కూడా గడవదు. 30 నుంచి 22కి దిగింది 400 కోట్ల టర్నోవర్ దాటిన పెద్దవాళ్లు. ఆడిటర్ గారు ఈ లెక్క చెబితే మా ఓనరు గారు "సరే, ఓడీలో వేసెయ్యండి" అన్నారు, అంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పుకి కట్టెయ్యమని. ఆయన కొత్త వెల్డర్‌ని పిలిపించేది బస్సు బాడీల ఆర్డరొస్తేనే.

రేటు కంటే పనివాడికి దగ్గరగా ఉండేది వేరే మినహాయింపు. ఆడిట్ ఉన్న సంస్థ మనుషుల్ని పెంచుకుంటే, కొత్తవాళ్ల జీతంలో 30 శాతం అదనపు ఖర్చుగా మూడేళ్లు చూపించుకోవచ్చు. 15,000 జీతానికి మాకు ఏడాదికి దాదాపు 13,600 పన్ను తగ్గుతుంది, 41,600తో పోలిస్తే ఇది చిన్నదేం కాదు. కానీ జీతం బ్యాంకులో పడాలి, పీఎఫ్ ఉండాలి, ఏడాదిలో 240 రోజులు పనిచెయ్యాలి. మా దగ్గరేమో చేరిన రోజే "పీఎఫ్ వద్దండీ, చేతికిచ్చెయ్యండి" అంటారు. సంక్రాంతికి ఊరెళ్లిన వెల్డరు పక్క షెడ్డులో తేలతాడు. ఇక 240 రోజులెక్కడ?

ఇంకో తిరకాసు, నెల జీతం 25,000 దాటితే ఈ మినహాయింపు లేదు. కొత్తగా చేరే మంచి పనివాడు ఆ గీత దాటి జీతం అడిగితే ఆఫీసులో కాలిక్యులేటర్ బయటికొస్తుంది. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

మీరెక్కడైనా కొత్తగా చేరితే పీఎఫ్ పాస్‌బుక్‌లో ఎవరి పేరుందో చూసుకోండి. కాంట్రాక్టరు పేరుంటే, మీ జీతం మీద ఈ మినహాయింపు మీరు పనిచేసే కంపెనీకి రాదు. మిమ్మల్ని ఏడాది పొడుగునా ఉంచుకోవాలన్న తొందర కూడా వాళ్లకుండదు.