యువజనోత్సవంలో మొదటిసారి నాటిక వేస్తున్నాం, కాలర్ మైకులు అద్దెకి తెచ్చుకోమంటారా?

వద్దు. ఆ డబ్బుతో రిహార్సల్ అయ్యాక సాయంత్రం అందరికీ టీ, పునుగులు పెట్టించండి, నాటిక దానంతటదే బాగుపడుతుంది. ఇక్కడితో ఆపేయొచ్చు గానీ, అడిగిన తమ్ముడు మాది విజయనగరం అన్నాడు, పోటీ కూడా అక్కడే అన్నాడు, పైగా "మా వాళ్ల మాటల్లో యాస పడిపోతోంది, అది కూడా ఎలా పోగొట్టాలో చెప్పండి" అని చివర్లో ఇంకో ముక్క తగిలించాడు. ఆ ముక్క చదివాక ఊరుకోలేకపోయాను.

మాది శ్రీకాకుళం. 2012లో డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగా మేమూ ఇలాగే మొదటిసారి నాటిక పట్టుకుని విజయనగరం వెళ్లాం. నేను నటుణ్ణి కాదు, ప్రాంప్టర్ని. అంటే స్టేజీ పక్కనుండే వింగ్‌లో స్క్రిప్టు పట్టుకుని నిలబడి ఎవడు ఎక్కడ ఆగిపోతే అక్కడ గుసగుసగా అందించేవాణ్ణి. నాటకాల గురించి చెప్పే అర్హత ప్రాంప్టర్‌కి ఉన్నంత ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అందరి డైలాగులూ వచ్చినవాడు, ఒక్క చప్పట్టూ రానివాడు వాడొక్కడే.

కథ గుజరాత్‌లోని వేరావల్ రేవుకి వెళ్లే వలసల మీద. మీకు తెలిసిందే, అప్పట్లో మా జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉందని పుస్తకాల్లో రాసేవాళ్లు, కానీ సరైన హార్బర్ లేదు, అందుకని మత్స్యకారుల కుర్రాళ్లు ఆగస్టులో రైలెక్కి గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద పని చేసి మళ్లీ ఎండాకాలానికి వస్తారు. మా నాటికలో పెద్దకొడుకు వెళ్లి తిరిగి రాడు, చదువుకున్న రెండోవాడు నేనూ వెళ్తానంటాడు, తల్లి ఏడుస్తుంది, తండ్రి ఓ మూల వల బాగుచేసుకుంటూ ఉంటాడు. తండ్రికి ఒక్క మాట కూడా లేదు. రాసిన సీనియర్ అన్నయ్య "ఆ మౌనంలోనే అంతా ఉంది" అనేవాడు, అసలు సంగతి ఏంటంటే తండ్రి వేషానికి మాకు మనిషి దొరకలేదు.

రిహార్సల్స్ నాగావళి ఒడ్డున ఇసకలో. ఇది మాత్రం రాసుకోండి, పనికొచ్చే ముక్క. ఒకణ్ణి నూటపాతిక అడుగుల దూరంలో నిలబెట్టి వాడికి వినపడేదాకా మాట్లాడాలి, అరవకూడదు. నది గాలి మాటని ఎత్తుకుపోతుంది, పైన బ్రిడ్జి మీద లారీల మోత. నెల రోజులు అలా చేస్తే గొంతు ఎక్కణ్ణించి రావాలో పొట్టకి తెలిసిపోతుంది. కాలర్ మైకు వేసుకున్నవాడు ఎప్పటికీ ఇది నేర్చుకోడు, బేటరీ అయిపోయిన రోజున నోరు కదుపుతూ నిలబడతాడు.

మా సీనియర్ ఇంకొకటి కూడా నేర్పాడు, అదే మా కొంప ముంచింది. భాష. "స్టేజీ ఎక్కాక ఏటి, ఎల్తన్నాను, వొచ్చీసాను అంటే నవ్వుతారు, నీట్‌గా మాట్లాడాలి" అని ప్రతి డైలాగూ కృష్ణా జిల్లా గట్టు మీద ఆరేసి తెచ్చినట్టు రాశాడు. ఆమదాలవలస కుర్రాడు, నరసన్నపేట అమ్మాయి, అందరం కలిసి నెల రోజులు మా నోటిని మేమే ఇస్త్రీ చేసుకున్నాం.

ఇక వల. నిజం వల కావాలన్నాడు సీనియర్. మా క్లాసులో తీరం నుంచి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు, క్లాసులో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడగా నేను వినలేదు. వాళ్ల ఇంట్లో అడిగితే వాళ్ల నాన్న సరే అన్నాడు గానీ ఒక్క షరతు, వలతోపాటు మా గుంటడు కూడా వస్తాడు, వలని ఒగ్గీసి కదలడు అని. అలా తండ్రి వేషం దొరికింది మాకు. వాడికి నటన అక్కర్లేదు, మాటలు లేవు, వల పక్కన కూర్చోడమే పని, అది ఎలాగూ చేస్తాడు. తొమ్మిదో పేరుగా లిస్టులో ఎక్కించేశాం.

వలని రెండు గోనెసంచుల్లో కుక్కి ఆర్టీసీ బస్సెక్కాం. కండక్టరు "ఇదేటి బావూ, సేపలేటి?" అని లగేజీ టికెట్ కొట్టాడు. రణస్థలం వచ్చేసరికి ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూడ్డం మొదలెట్టారు, నాతవలస దాటేసరికి డిసెంబరు చలిలో బస్సులో కిటికీలన్నీ తెరిచేశారు. అక్కడ గ్రీన్ రూములో మా పక్కనే క్లాసికల్ డాన్స్ అమ్మాయిలు పట్టు డ్రెస్సుల్లో, వాళ్ల మేడమ్ మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పదకొండింటికి మా ఐటమ్ అన్నారు. ముఖ్య అతిథి ఒంటిగంటకి వచ్చి, యువత మేలుకోవాలని గంటసేపు మాట్లాడి, యువత అందరూ నిద్రపోయాక వెళ్లాడు. మా కర్టెన్ లేచేసరికి నాలుగున్నర. ఈ అతిథుల మాటలకి కూడా నాటికలకి మల్లే బెల్లు కొట్టే పద్ధతి ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

సెట్టు పెడుతుండగా వల స్టేజీ చెక్కలో మేకుకి తగులుకుని చెయ్యి పట్టేంత చిరిగింది. మేము ఎవరం పట్టించుకోలేదు. వాడు మాత్రం ఆ చిరుగుని చూసి కాసేపు అలాగే కూర్చున్నాడు, తర్వాత చొక్కా జేబులోంచి వల కుట్టే సూది తీశాడు. దారం చుట్టిపెట్టుకున్న సూది. నాటకానికని తెచ్చుకున్నది కాదు, వాడి జేబులో ఎప్పుడూ ఉండేదట. కర్టెన్ లేచింది, వాడు తల ఎత్తలేదు. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగించి, ఎడమచేతి వేలు గడిలో పెట్టి కొలత చూసుకుని, సూది దూర్చి, లాగి, ముడి. మళ్లీ కొలత, మళ్లీ ముడి. ముందు వరసల్లో జనం మా హీరోని ఒగ్గేసి ఆ చేతుల్నే చూస్తున్నారు, వింగ్‌లోంచి నాకు వాళ్ల మొహాలు కనపడుతున్నాయి.

పద్దెనిమిదో నిమిషంలో మా హీరో ఆగిపోయాడు. "నేను కూడా వెళ్తాను నాన్నగారూ" అన్నదాకా వచ్చింది, ఆ తర్వాత పేజీన్నర ఉపన్యాసం ఉంది, మొదటి మాట పోయింది. నేను అందించాను. వినపడలేదు. ఇంకోసారి అందించాను. వాడికి వినపడలేదు గానీ నా పక్కనే స్టేజీ కింద నేల మీద పెట్టిన ఫుట్ మైకుకి వినపడింది. "ఈ సముద్రం మనకి ఏమిచ్చింది" అని నా గుసగుస హాలంతా బాక్సుల్లో మోగింది. జనం గొల్లుమన్నారు. మా హీరో ఇంకా బిగుసుకుపోయాడు.

అప్పుడు వాడు, తల ఎత్తకుండా, ముడి వేస్తూ వేస్తూ అన్నాడు: "ఎల్తానంటే ఎల్లు. నానొద్దంటే ఆగిపోతావేటి."

మళ్లీ నవ్వారు. ఎందుకు నవ్వారంటే మనకి అలవాటు చేసేశారు, తెర మీద ఎవడైనా ఏటి అన్నాడంటే వాడు పనివాడో, వెర్రివాడో, కామెడీ ట్రాకో అయి ఉంటాడు, హీరో శ్రీకాకుళంవాడైనా సరే వాడి నోట్లో మాత్రం కృష్ణా జిల్లా తెలుగే. మన ఊళ్లో, మన హాల్లో, అదే మాట ఇంట్లో మాట్లాడేవాళ్లే నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే వాడు దారం పళ్లతో తెంపి, "ఆడూ ఇలాగే అడిగీసి ఎల్లినాడు" అన్నాడు.

హాలు చప్పున చల్లారిపోయింది. నేను స్క్రిప్టు మూసేశాను, అందులో ఈ మాటలు లేవు కదా.

అక్కడితో లైట్లు ఆర్పేస్తే మాకు ఫస్టు వచ్చేది, ఇప్పటికీ అదే అంటాను. కానీ మా హీరోకి సరిగ్గా అప్పుడే డైలాగు గుర్తొచ్చింది. "నాన్నగారూ, మీరు ఈ విధంగా మాట్లాడడం భావ్యం కాదు" అన్నాడు వార్తలు చదివేవాడిలా. ఈసారి నవ్వింది వల కుర్రాణ్ణి చూసి కాదు, మా హీరోని చూసి. మిగతా పది నిమిషాలు ఎవరు నోరు తెరిచినా నవ్వులే, తల్లి ఏడ్చినా నవ్వే.

ఫస్టు ప్రైజు అనాథ, కేన్సరు, దేశభక్తి మూడూ ఉన్న నాటికకి వెళ్లింది. జడ్జీల్లో ఒకాయన చివర్లో మైకు పట్టుకుని "ఆ వల కుట్టే అబ్బాయి యాస నాటికకి అతకలేదు, భాష మీద శ్రద్ధ పెట్టాలి" అన్నాడు. బస్సు దిగేదాకా ఆయన్ని తిట్టుకున్నాం. తర్వాత ఎన్నాళ్లకో నాకు తట్టింది, అతకలేదన్న మాట నిజమే, కాకపోతే అతకనివి మిగతా ఎనిమిది మంది మాటలు.

ఆయన ఆ మాట ఎక్కడ నిలబడి అన్నాడో చూడండి, నాకు అదీ మంట. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఆ ఊళ్లోనే. నాటకం మొదలయ్యేదే ఆ ఊరి బొంకులదిబ్బలో. గురజాడ గారు గిరీశానికి ఇంగ్లీషు కలిపిన మాట పెట్టాడు, అగ్నిహోత్రావధాన్లుకి అగ్రహారం మాట పెట్టాడు, మధురవాణి మాట వేరు, పూటకూళ్లమ్మ మాట వేరు, అందరి చేతా ఒకే పుస్తకాల తెలుగు మాట్లాడించలేదు. నాటకానికి గ్రాంథికం తప్ప ఇంకో భాష లేదనుకునే రోజుల్లో ఆ పని చేశాడు ఆయన. జె.వి. రమణమూర్తి గారు గిరీశంగా, సోమయాజులు గారు రామప్ప పంతులుగా ఏళ్ల తరబడి ఆ నాటకాన్ని ఆడిస్తే జనం ఎగబడి చూశారు, ఎవరూ యాస అతకలేదనలేదు. అలాంటి ఊరి కుర్రాళ్లు నూటపాతికేళ్లు దాటాక యాస ఎలా పోగొట్టుకోవాలి అని అడుగుతున్నారు. పోగొట్టుకోకండి తమ్ముడూ. లేదంటే అందరూ కలిసి పోగొట్టుకోండి, సగం సగం మాత్రం వద్దు, మేము చచ్చింది అక్కడే.

సరే, మీరు అడిగింది మైకులు. ఫుట్ మైకులు మూడు చాలు, స్టేండు కింద దళసరి స్పాంజి ముక్క వెయ్యండి, లేకపోతే మాట కంటే అడుగుల చప్పుడే ఎక్కువ వినపడుతుంది. బాక్సులు మైకుల కంటే ముందుకి, జనం వైపు తిప్పి ఉండాలి, బాక్సు శబ్దం మళ్లీ మైకులో పడిందంటే కూత పెడుతుంది. ఆపరేటర్‌కి ముందే టీ తాగించి స్క్రిప్టు కాపీ ఒకటి ఇవ్వండి, చదవడు, అయినా ఇవ్వండి. ప్రాంప్టర్ని మైకుకి ఆరడుగుల దూరంలో పెట్టండి, ఇది ఎవరి అనుభవమో చెప్పక్కర్లేదు. టైము మామూలుగా యూనివర్సిటీ పోటీల్లో నాటికకి 30 నిమిషాలు, నటులు 9 మంది, వెనక సాయానికి ఇంకో ముగ్గురు, సెట్టు పెట్టి తీయడానికి పది నిమిషాలు. స్కిట్ అయితే పది నిమిషాలు, ఆరుగురే. మీ సర్క్యులర్ ఓసారి చూసుకోండి. రిహార్సల్లో 26 నిమిషాలకి అయిపోయేలా కొయ్యండి, జనం నవ్వులకీ చప్పట్లకీ మిగతా నాలుగూ పోతాయి. మాకు నవ్వులకే పోయాయి.

వల తిరిగి ఇవ్వడానికి మర్నాడు నేనూ వెళ్లాను. వాళ్ల నాన్న ఇసకలో వల పరిచి, కూర్చుని, కొస నుంచి వేళ్లతో తడుముకుంటూ వస్తున్నాడు, చూడ్డం కూడా లేదు, వేళ్లే చూస్తున్నాయి. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ కొత్త దారం పడినాది. ఎవులు కుట్టేరు?"

"నానే. నాటకంలో."

ఆయన ఆ ముడులు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, "బేగి బేగి కుట్టీసినావు" అని మొత్తం విప్పేసి, సూది ఇమ్మని చెయ్యి చాపాడు.