ముందుగా కాళ్లు నిలవనీ, బుజ్జీ

పర్లాకిమిడి,
ఆదివారం ఉదయం

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతకవట. భువనేశ్వర్‌లో గది తీసుకుని ఏడాదిపాటు గోల్ఫే ఆడతావట. బంతి దూరం పోవడం లేదని నీ స్వింగ్, అంటే కర్ర తిప్పే తీరు, మొత్తం మార్చుకుంటావట, అందుకోసం రోజుకు 300 బంతులు కొడతావట. మీ అమ్మ ఏడుస్తూనే ఇదంతా చెప్పింది. ఫోను పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లు ఇతరుల గోల్ఫ్ కర్రల సంచులు మోసినవాడి మేనకోడలు తన సంచి తాను భుజాన వేసుకుని మొదటి దెబ్బ కొట్టే టీ దగ్గరికి నడుస్తుందంటే నా గుండె ఎంత నిండిందో నీకు ఎలా చెప్పను? కానీ ఆ 300 బంతుల మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని ఊరుకుంటావు. కాగితం మీద ఉంటే మళ్లీ మళ్లీ చదువుతావని రాస్తున్నాను.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. అడుగు అరిగిన బూట్లతో ఆడవద్దు. గ్లౌజు తడిస్తే మార్చుకో. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదరకముందే సాధన ముగించు. కర్రను తడిబట్ట పిండినట్టు పట్టుకోకు, మణికట్లు బిగుసుకుంటే భుజాలూ బిగుస్తాయి. ఇవి నీకు తెలిసినవే.

ఇక దూరం సంగతి. దూరం చేతుల్లో ఉందని నువ్వు అనుకుంటున్నావు. సంక్రాంతికి వచ్చినప్పుడు మా పెరట్లో నీ స్వింగ్ చూశాను. పండుగ పూట ఎందుకని ఆ రోజు నోరు మెదపలేదు, ఇప్పుడు చెబుతున్నాను. కర్ర పైకి ఎత్తేటప్పుడు నీ తుంటి తిరగడం లేదు, కుడివైపుకు జరుగుతోంది. బరువంతా కుడిపాదం బయటి అంచు మీదికి పోతోంది. కొట్టే క్షణానికి తుంటి బంతివైపు తోసుకువచ్చి, వంగిన వెన్ను నిటారుగా లేచిపోతోంది. ఆ రెండు తప్పులనూ చివర్లో నీ చేతులు దిద్దుతున్నాయి. నీకు దేవుడు మంచి చేతులు ఇచ్చాడు కనుక బంతి తిన్నగానే పోతోంది. కానీ అలసిన రోజున, గాలి వీచే రోజున, నలుగురూ చూస్తున్న రోజున ఆ చేతులు నిన్ను ఆదుకోలేవు. పైనుంచి కర్ర కిందికి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. కర్రకూ బంతికీ తాకిడి సెకనులో దాదాపు రెండువేలవ వంతు మాత్రమే. అంత తక్కువ వ్యవధిలో ఎవరి చేతులు ఏం దిద్దగలవు తల్లీ? దిద్దవలసిందంతా అంతకుముందే కాళ్ల దగ్గర జరిగిపోవాలి.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ ఎంత దూరం? వచ్చే ఆదివారం తెల్లవారుజామునే వెళ్లు. సముద్రపు ఒడ్డున విసురువల వేసేవాళ్లు కనిపిస్తారు. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడుకునేది మన తెలుగే. వాళ్లలో పెద్దవయసు మనిషిని ఒకరిని ఎంచుకుని చూడు. వలను చూడకు, పాదాలను చూడు. అల వెనక్కి లాగుతుంటే కాళ్ల కింద ఇసుక జారుతూనే ఉంటుంది. అయినా ఆయన వేళ్లు నేలను పట్టుకునే ఉంటాయి. మోకాళ్లు కొంచెం వంగి ఉంటాయి. ముందు తుంటి తిరుగుతుంది, తర్వాత ఛాతీ, ఆ తర్వాత చేతులు. అన్నిటికంటే చివర వల కదులుతుంది. అంచున కట్టిన గుళ్లు వాటంతట అవే విచ్చుకుని గుండ్రంగా పడతాయి. వల ఎంత విశాలంగా విచ్చుకున్నా విసిరినవాడి తల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కుర్రవాళ్లు చేతుల బలంతో విసురుతారు, వాళ్ల వల ముద్దగా పడుతుంది.

స్వింగ్‌లోనూ వరుస అదే. కిందికి వచ్చేటప్పుడు తుంటి ముందు కదిలి, తన వేగాన్ని ఛాతీకి ఇచ్చి తాను నెమ్మదిస్తుంది. ఛాతీ చేతులకు ఇస్తుంది. చేతులు కర్రకు ఇస్తాయి. చేతులు ముందే తొందరపడితే తుంటి దాచిన వేగమంతా దారిలోనే పోతుంది. నువ్వు పోగొట్టుకుంటున్న గజాలు అవే. చేతికి ఇంకా బలం కావాలని ఎక్కడా వెతకనక్కరలేదు.

దూరమే ఆట అని కూడా అనుకోకు. 2021లో టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్‌లో మన దేశపు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. డ్రైవర్ అనే పొడవాటి కర్రతో కొట్టే దూరంలో అక్కడున్న చాలామంది కంటే ఆమె వెనుకే ఉంది. ఆ నాలుగు రోజులూ నేను టీవీ ముందు నుంచి లేవలేదు.

ఇప్పుడు అసలు విషయం రాస్తాను. మీ అమ్మకు తెలుసు, నీకు తెలియదు.

1989లో నాకు 23 ఏళ్లు. కలకత్తాలో ఒక గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా, అంటే ఆటగాళ్ల సంచులు మోసేవాడిగా, చేరి నాలుగేళ్లయింది. సోమవారం క్లబ్బుకు సెలవు, ఆ ఒక్కరోజు మమ్మల్ని ఆడనిచ్చేవారు. పట్టు చిరిగిన పాత డ్రైవర్ ఒకటి, వేర్వేరు జతల్లోంచి వచ్చిన ఐరన్లు అనే ఇనుపతల కర్రలు నాలుగు, ఇదే నా ఆస్తి. తోటి క్యాడీలలో నా అంత దూరం కొట్టేవాడు లేడు. నాకు అదే గర్వం. నా స్వింగ్ ఎలా ఉండేదో తెలుసా? అచ్చం నీ స్వింగే. సంక్రాంతినాడు నిన్ను చూసి నేను ఎందుకు మాట్లాడలేకపోయానో ఇప్పుడు అర్థమైందా?

అది శ్రావణమాసం. రాత్రంతా వాన కురిసి పొద్దున తెరపి ఇచ్చింది. నా గుడ్డబూట్లు అడుగున పలకలా నున్నగా అయిపోయాయి. టీ మీద నిలబడి, అందరికంటే దూరం కొట్టాలని కర్రను వీలైనంత వెనక్కి లాగాను. తుంటి కుడివైపుకు జరిగింది, బరువు పాదం బయటి అంచు మీదికి పోయింది. తడిగడ్డి మీద ఆ పాదం జారింది. అక్కడే కర్ర వదిలేసి కూలబడి ఉంటే సరిపోయేది. కాని చేతులు అప్పటికే బయలుదేరాయి. కింది శరీరం ఒకవైపు, పై శరీరం ఒకవైపు తిరిగి నడుములో ఏదో చిటుక్కుమంది. బంతి మాత్రం బ్రహ్మాండంగా పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.

తప్పు అక్కడితో ఆగితే ఈ ఉత్తరం ఇంత పొడవు ఉండేది కాదు. జారడం ఎవరికైనా జరుగుతుంది. నేను నొప్పిని దాచాను. నడుము పట్టిందని చెబితే మరునాడు నా సంచి ఇంకొకరి భుజం మీదికి పోతుంది. సంచి మోస్తేనే కూలి, కూలి వస్తేనే ఇంటికి మనియార్డరు. అందుకని తువ్వాలు నడుముకు బిగించి కట్టుకుని, పైన చొక్కా వేసుకుని పనిలోకి వెళ్లాను. నలభై రోజులు అలాగే వెళ్లాను. నలభై రోజులు, బుజ్జీ! రాత్రి పక్కకు తిరగాలంటే గది గోడ పట్టుకునేవాణ్ణి. తర్వాత కుడికాలి పిక్క తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు నడుస్తుంటే కాలు నాది కానట్టు మడత పడింది, సంచితో సహా నేల మీద పడ్డాను.

తోటివాళ్లు నన్ను హౌరాలో రైలు ఎక్కించారు. నౌపడాలో దిగి చిన్న రైలు పట్టుకోవాలి. అప్పటికి మన ఊరికి నారోగేజీ బండే. నలభై కిలోమీటర్లు చెక్కబల్ల మీద పడుకుని వచ్చాను. పట్టాల అతుకు వచ్చిన ప్రతిచోటా కళ్లలో నీళ్లు తిరిగేవి. స్టేషన్‌కు మీ తాతయ్య ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. బండిలో మెత్తగా ఉండాలని గడ్డి పరిచి, దాని మీద తన పంచె కూడా పరిచాడు.

మూడు నెలలు చెక్కమంచం మీద ఉన్నాను. మీ అమ్మమ్మ వావిలాకు మరిగించి కాపడం పెట్టేది. మీ అమ్మకు అప్పుడు 14 ఏళ్లు. బడి నుంచి రాగానే పుస్తకాలు గుమ్మంలో పడేసి నా దగ్గరికి వచ్చేది. నా చంకల కింద చేతులు వేసి నన్ను లేపి కూర్చోబెట్టేది ఆ పిల్లే. గోడ పట్టుకుని నేను మళ్లీ మొదటి అడుగు వేసినప్పుడు ఎదురుగా నిలబడి చేతులు చాచింది కూడా తనే. నీ ఆట విషయంలో మీ అమ్మ ఏడిస్తే పాతకాలపు మనిషి అని అనుకోకు. తనకు కనిపిస్తున్నది ఆ చెక్కమంచం.

బరంపురంలో నన్ను చూసిన వైద్యుడు వెన్నెముక బొమ్మ చేతిలో పెట్టి చూపించాడు. నడుము దగ్గరి అయిదు వెన్నుపూసలూ కలిసి 15 డిగ్రీలు తిరగడమే కష్టమని, అవి వంగడానికే తప్ప మెలితిరగడానికి పుట్టలేదని చెప్పాడు. మనిషి తిరగవలసింది కింద తుంటి కీళ్ల దగ్గర, పైన ఛాతీ వెనుక. మధ్యభాగం గట్టిగా నిలిచి ఆ రెండింటినీ కలపాలి. కర్ర వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో భుజాలు 90 డిగ్రీలు తిరుగుతాయంటే అందులో సగం దాకా తుంటి ఇచ్చిందే. తుంటి తిరగకుండా పక్కకు జరిగితే ఆ లోటంతా నడుము భరించాలి. గోల్ఫ్ ఆడేవాళ్లకు ఎక్కువగా దెబ్బతినేది నడుమే. నాకు ఆ మాట చెప్పేవాళ్లు ముందు ఎవరూ లేరు. నీకు నేనున్నాను.

అమెరికా గోల్ఫ్ ఆటగాడు బెన్ హొగన్ కారును 1949లో బస్సు ఢీకొన్నదనీ, ఎముకలు విరిగినా మరుసటి ఏడాదే అమెరికా ఓపెన్ గెలిచాడనీ నువ్వే ఒకసారి నాకు చెప్పావు. నిజమే, కాళ్లకు పట్టీలు చుట్టుకుని గెలిచాడు. కానీ అంతకుముందు వారాల తరబడి ఆస్పత్రిలో పడుకుని, ఆ తర్వాత నెలల తరబడి మెల్లగా నడక నేర్చుకున్నాడు. ఆ సగం నువ్వు చెప్పలేదు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. కోపగించుకోకుండా చెయ్యి. మొదటి పదిహేను రోజులు 300 కాదు, 60 బంతులే. అందులో సగం రెండు పాదాలు దగ్గరగా చేర్చి, చిన్న ఐరన్‌తో, సగం స్వింగే కొట్టు. చేతులతో బలవంతం చేస్తే తూలిపోతావు, నీ తప్పు నీకే తెలుస్తుంది. ఇంట్లో నీ వెనుక కుర్చీ పెట్టి, పిరుదులు దానికి ఆనించి, కర్ర లేకుండా ఊరికే తిరుగు. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు, కిందికి వచ్చేటప్పుడు ఎడమ పిరుదు కుర్చీని తాకుతూ ఉండాలి. రెండూ వదిలాయంటే తుంటి ముందుకు తోసుకువచ్చిందని అర్థం. కుడిపాదం బొటనవేలి కింది ఎత్తులో, లోపలి అంచులో బరువు ఆగనీ. పళ్లు తోముకునేటప్పుడు చెప్పులు లేకుండా ఒంటికాలి మీద నిలబడు, ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు. కొట్టాక బంతి నేల మీద పడేవరకు ఎడమకాలి మీద కదలకుండా నిలబడి చూడు. నిలబడలేకపోతే ఆ బంతి ఎంత దూరం పోయినా లెక్కపెట్టకు. ఇవన్నీ నేను మళ్లీ లేచాక మా వాకిట్లో నేర్చుకున్నవి. ఒంటికాలి మీద ఇరవై లెక్కపెట్టేవరకు నిలబడటానికి నాకు నెల పట్టింది.

మళ్లీ కలకత్తా వెళ్లాను, మళ్లీ ఆడాను. దూరం తగ్గింది, స్కోరు బాగుపడింది. 1991లో అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచిన రోజు మా క్యాడీల గదిలో మిఠాయి పంచుకున్నాం. మాలాగే క్యాడీగా మొదలైనవాడు, ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్. నాకు ఆ దారి అప్పటికే మూసుకుపోయింది. అయినా ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో, మొన్న మీ అమ్మ ఫోను పెట్టేశాక అంతకంటే ఎక్కువ సంతోషపడ్డాను. ఆట మానమని నేను ఎప్పటికీ చెప్పను. మీ అమ్మతోనూ మాట్లాడతాను, ఆ బాధ్యత నాది.

నాకు ఒక్క మాట ఇవ్వు. నడుములో గానీ కాలిలో గానీ ఏ కొంచెం తేడా అనిపించినా, ఆ రోజే, ఆ పూటే నాకు ఫోను చెయ్యి. పోటీ మర్నాడే ఉన్నా సరే, అర్ధరాత్రి అయినా సరే.

పది రోజులకోసారి వీడియో పంపు. బంతి ఎక్కడ పడిందో నాకు అక్కరలేదు. ఫోను మోకాలి ఎత్తులో పెట్టించి పాదాలు, తుంటి కనిపించేలా తీయించు. దసరాకు వస్తావుగా, వాకిట్లో నీ పక్కనే నిలబడి చూస్తాను. అమ్మకు, నాన్నగారికి నా మాటగా చెప్పు.

ఇట్లు
మీ మామయ్య