ఖరహరప్రియ ఆమెకి గుర్తుంది

విశాఖపట్నం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 53. పేరు వేయొద్దన్నారు. నాలుగేళ్లుగా ఆన్‌లైన్‌లో జాజ్ గిటార్ నేర్చుకుంటున్నారు. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా సాధన. అడిగినవి మూడు. బిరుసెక్కిన ఈ వేళ్లతో నలుగురి ముందు వాయించే స్థాయికి ఎప్పటికైనా వస్తానా? ఏడాదిగా కాంపింగ్, అంటే సోలో వాయించేవాళ్లకి వెనక తోడు వాయించడం, తప్ప ఇంకేమీ నేర్పని గురువుని మార్చాలా? లక్షన్నర పెట్టి జాజ్‌వాళ్లు వాడే ఆర్చ్‌టాప్ గిటార్ కొంటానంటే గొడవ చేస్తున్న భార్యని ఎలా ఒప్పించాలి?

అయ్యా, ముందు ఈ మూడూ తేల్చేద్దాం. మా మరిది జాజ్ పిచ్చివాడు కాబట్టి ఈ సంగతులు నా చెవిన కొంత పడ్డాయి.

జాజ్ గిటార్ దిగ్గజం జాంగో రైన్‌హార్ట్‌కి 1928లో తను ఉండే బండి అంటుకుని ఎడమచేతి వేళ్లు రెండు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత సోలోలన్నీ మిగిలిన రెండు వేళ్లతోనే. మీకు అన్ని వేళ్లూ ఉన్నాయి. ఇంకో దిగ్గజం వెస్ మాంట్‌గామరీ ఆరు తీగల గిటార్ పట్టింది ఇరవై ఏళ్ల దగ్గర. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బులో వాయించడం, ఇంటి నిండా పిల్లలు. చప్పుడుకి పక్కింటివాళ్లు గొణుగుతున్నారని పిక్ పక్కన పడేసి బొటనవేలితో మీటడం అలవాటు చేసుకున్నాడు. ఆ మెత్తని నాదమే చివరికి ఆయన గుర్తు అయింది. మీరు వాళ్లంతటివారు కారు. కానీ మీ అపార్ట్‌మెంట్ సంక్రాంతి సంబరాల్లో ఇంకో ఇద్దరితో కలిసి తడబడకుండా వాయించే రోజు వస్తుంది. అంతకంటే ఎక్కువ ఎందుకు మీకు?

గురువుని మార్చొద్దు. కౌంట్ బేసీ జాజ్ బ్యాండులో గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో చేరి, 1987లో పోయేదాకా దాదాపు 50 ఏళ్లు కార్డులే, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడమే, వాయించాడు. సోలో ఎప్పుడో అరుదు. అవతలివాడు వాయిస్తుంటే వింటూ, వాడికి అడ్డం రాకుండా రెండు మూడు స్వరాలు అందించడం ఆయన పని. కాంపింగ్ అంటే అదే. దీన్ని సంసారానికి ముడిపెట్టి ఉపన్యాసం ఇస్తానేమోనని భయపడకండి. మీ గురువు చెప్తున్నది గిటార్ గురించే.

ఆర్చ్‌టాప్ ఇప్పుడు కొనొద్దు. కారణం మీ ఉత్తరం మూడో పేజీలో ఉంది. అక్కడ మీరు ఇలా రాశారు:

"మా అమ్మాయి ఆరో ఏట నుంచి ఎనిమిదేళ్లు వీణ నేర్చుకుంది. తొమ్మిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చాక చదువు దెబ్బతింటుందని మాన్పించాను. ఇప్పుడు పుణేలో మంచి ఉద్యోగం. మొన్న జాజ్‌లో వాడే డోరియన్ స్కేలంటే మన ఖరహరప్రియ రాగమే అని తెలిసి సంతోషం పట్టలేక తనకి ఫోన్ చేశాను. 'అవన్నీ నాకు గుర్తులేవు నాన్నా' అంది. సంగీతం తెలిసిన పిల్లే ఆసక్తి చూపకపోతే ఇంకెవరు చూపిస్తారు?"

ఎనిమిదేళ్లు వీణ ముందు కూర్చున్న పిల్ల ఖరహరప్రియ మరిచిపోతుందా? ఈత వచ్చినవాడు నీళ్లలో పడితే చేతులు ఆడించడం మరిచిపోతాడా? ఆమెకి గుర్తుంది. మీతో ఆ మాట మాట్లాడడం ఇష్టం లేదు. అది కూడా ఎంత మర్యాదగా చెప్పిందో చూడండి, చివర "నాన్నా" పెట్టి మరీ.

ఇక రెండో పేజీకి రండి. "సంగీతం లేకపోతే మనిషి బతుకు ఎండిపోతుంది" అని రాశారు. కింద గీత కూడా గీశారు. పద్నాలుగేళ్ల పిల్ల ఆ రోజు మీ ముందు నిలబడి ఇదే మాట అని ఉంటే ఏమనేవారు? పెద్ద పెద్ద మాటలు మాట్లాడకు, వెళ్లి లెక్కలు చేసుకో అనేవారు. నేనైనా అదే అనేదాన్ని. మా పెద్దవాడు పదో తరగతిలో ఉండగా మృదంగం మాన్పించింది నేనే కదా.

మాన్పించడం ఒక్కటే అయితే పిల్లలు సర్దుకుంటారు. సగం ఇళ్లలో జరిగిందే. ఆమెకి టైమ్ వేస్టని మాన్పించిన పనే మీకు ప్రాణం నిలిపే మందు అయిందే, అదీ మింగుడుపడనిది. పైగా ప్రతి ఆదివారం ఒక రికార్డింగ్ పంపుతున్నారు. ఆమె బొటనవేలు పైకెత్తిన గుర్తు పెట్టి ఊరుకుంటోందని మీకు నొప్పి. అది పెట్టడానికి ఆ పిల్ల ఎంత ఓర్చుకుంటోందో ఆలోచించారా?

"ఈ ఇంట్లో సంగీతం నేర్చుకోవాలంటే యాభై దగ్గరపడాలి కాబోలు" అని మీ ఆవిడ అన్నారట. వెటకారం అని రాశారు. వారానికి రెండుసార్లు స్కూటీ మీద పిల్లని వీణ క్లాసుకి తిప్పింది ఆవిడేనని కూడా మీరే రాశారు. ఆవిడ గొడవ లక్షన్నర గురించి కాదండీ.

తండ్రి కూతురిని క్షమాపణ అడగడమేమిటి అనే ఇళ్లలోనే మనమందరం పెరిగాం. మన పెద్దవాళ్లు తప్పు చేశామనిపిస్తే "తిన్నావా" అని అడిగేవారు. ఆ ప్రేమ నిజమే. కానీ దాన్ని అర్థం చేసుకునే బరువంతా పిల్లల మీదే పడుతుంది. పాతికేళ్ల కూతురికి తండ్రి నోరు తెరిచి ఒక మాట చెప్పడం బాకీ తీర్చడం లాంటిది. దయ కాదు.

ఫోన్లో వద్దు. పుణే వెళ్లండి, గిటార్ లేకుండా. "నీ చేత వీణ మాన్పించాను. నిన్ను అడగలేదు. తప్పు చేశాను" అనండి. అక్కడ ఆగిపోండి. ఆ తర్వాత "అయినా" అనే మాట వచ్చిందా, అంతా పాడు. "నీ మంచికే" అన్నారా, రైలు ఛార్జీలు కూడా దండగ. ఆమె ఏడవచ్చు, విసుక్కోవచ్చు, ఏమీ అనకపోవచ్చు. మా వాడికి ఆ మాట చెప్పడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. "సరేలే అమ్మా, కాఫీ పెట్టు" అన్నాడు. పెట్టాను.

మళ్లీ నేర్చుకోమని మాత్రం అనకండి. మనిద్దరం కలిసి వాయిద్దాం అని అసలే అనకండి. ఆ కోరిక ఇప్పటికీ మీదే. ఆదివారం రికార్డింగులు ఆపండి. సంబంధాలు చూస్తున్నాం అన్నారు కదా, బయోడేటాలో "వీణలో ప్రవేశం ఉంది" అని ఒక లైను ఉంటుందని నా అనుమానం. ఉంటే కొట్టేయండి. మీరు మాన్పించినదాన్ని చూపించి పెళ్లివారి దగ్గర మార్కులు కొట్టేయడం బాగుండదు.

వీణ అటక మీద పాత చీర చుట్టుకుని ఉందని రాశారు. దించే ముందు ఆమెని అడగండి, అది ఆమెది. ఇన్నేళ్లకి మైనం ఎండి మెట్లు కదిలిపోయి ఉంటాయి. దించమంటే వీణలు చేసే గొల్లపల్లి బొబ్బిలి పక్కనే, పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఆర్చ్‌టాప్ కోసం దాచిన డబ్బులోంచి బాగు చేయించండి. వద్దంటే చీర కూడా విప్పకండి.